మంచు కొండల ఫొటోలు తీయాలంటే ముందు ఇస్కపల్లి ఉప్పు తీయండి

మొదటిసారి మనాలి వెళ్లినప్పుడు నాలుగు వందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే మంచంతా పొయ్యిలో బూడిదలా ఉంది. కెమెరా పాడైందేమోనని కొన్న షాపుకే పట్టుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో లెన్సు కొనమన్నాడు. కొన్నాను కూడా. తప్పు లెన్సుది కాదని తెలియడానికి మరో ఏడాది పట్టింది. అది కూడా హిమాలయాల్లో కాదు, మా నెల్లూరు జిల్లాలో అల్లూరు దాటాక ఇస్కపల్లి ఉప్పు కయ్యల గట్టు మీద.

అప్పట్నుంచి నాదొక పద్ధతి. బయటి దేశంలోనో, ఉత్తరాదిలోనో ఏ దృశ్యం తీయాలనుకున్నా, దానికి అన్నదమ్ముడిలాంటిది నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడుందో ముందు వెతుకుతాను. మంచుకి ఉప్పు, ఆఫ్రికా సరస్సులకి పులికాట్, పెద్ద నగరాల జన సందోహానికి రొట్టెల పండగ. విమానం టికెట్టుకి లక్ష పెట్టి అక్కడ తప్పులు చేసే బదులు, వంద రూపాయల పెట్రోలుతో ఇక్కడే చేసేయడం నయం. మీరూ అలా మొదలుపెట్టాలనుకుంటే, నేను చేసే వరస ఇది.

కెమెరా గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఫోను ఉంటే ఫోనుతోనే మొదలుపెట్టండి, పక్షుల దగ్గరికి వచ్చేదాకా అది చాలు. కెమెరా కొనేటట్టయితే సెకండ్ హ్యాండ్ బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, దానితో వచ్చే చిన్న జూము లెన్సు, తర్వాత దూరాన్ని దగ్గర చేసే 70-300 లెన్సు ఒకటి. అంతకుమించి మొదటి ఏడాది ఏమీ కొనొద్దు.

ముందు పొద్దు లెక్క చూసుకోండి

మంచి వెలుతురు పొద్దున, సాయంత్రం ఉంటుందని అందరూ చెబుతారు. ఎంతసేపు ఉంటుందో చెప్పరు. నెల్లూరు భూమధ్యరేఖకి 14 డిగ్రీల పైన ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఎక్కుతాడు. సముద్రం మీంచి పైకొచ్చి ఆరు డిగ్రీల ఎత్తుకి చేరడానికి పాతిక నిమిషాలు చాలు. ఆ ఆరు డిగ్రీలే మనం బంగారు వెలుతురు అనుకునేది. ఐస్‌లాండ్ లాంటి చోట సూర్యుడు ఏటవాలుగా పాకుతాడు కాబట్టి మార్చి నెలలో అదే వెలుతురు గంట దాకా ఉంటుంది. డిసెంబరులో రేక్యవిక్‌లో మధ్యాహ్నం పూట కూడా సూర్యుడు మూడు డిగ్రీలు దాటడు. ఉన్న ఆ నాలుగు గంటల పగలంతా వాళ్లకి సాయంత్రమే.

అంటే అక్కడివాళ్లు చెప్పే తీరిక పాఠాలు మనకు పనికిరావు. మనకున్నది పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాల్లో ఎక్కడ నిలబడాలా అని వెతుక్కుంటే అంతే సంగతులు. అందుకే ఏ చోటికైనా ముందురోజు సాయంత్రం వెళ్లి నిలబడే జాగా చూసుకుని రావాలి. ఫోనులో దిక్సూచి తెరిచి తూర్పు ఎటుందో చూడండి. ఎండాకాలం సూర్యుడు తూర్పుకి కాస్త ఎడమగా, అంటే ఉత్తరం వైపు జరిగి లేస్తాడు. సంక్రాంతి రోజుల్లో కుడిగా జరుగుతాడు. డిసెంబరు, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో, మే నెలలో ఆరు కాకముందే. ఇక్కడ పాతిక నిమిషాలకి అలవాటుపడ్డ మనిషికి ఐస్‌లాండ్‌లో గంట దొరికితే పండగే.

ఉప్పు దగ్గర

ఫిబ్రవరి తర్వాత, ఎండ ముదిరే రోజుల్లో వెళ్లండి. కయ్యల్లో నీళ్లు ఇగిరి ఉప్పు తేలుతుంది. గట్టు మీద తెల్లటి కుప్పలు వరసగా ఉంటాయి. ఆ రోజు నేను వెళ్లేసరికి ఒక పెద్దాయన మోకాళ్ల పైకి పంచె ఎగ్గట్టి, పొడుగాటి కర్రకి అడ్డంగా బిగించిన పలకతో ఉప్పుని గట్టువైపుకి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా నీళ్ల కింద గరగరమని చప్పుడు. కాళ్లు పిక్కల దాకా తెల్లగా పూత పూసినట్టున్నాయి. నన్ను చూసి, "ఏంది అబ్బయా, ఉప్పుకి కూడా ఫొటోలా?" అన్నాడు. అవునన్నాను. తీసి చూపించాను. కళ్లు చిట్లించి చూసి, "ఇది మా ఉప్పు కాదు. మట్టి కలిసిన ఉప్పు" అన్నాడు.

నా మనాలి జబ్బేంటో ఆయన అప్పుడే చెప్పేశాడు.

సంగతేంటంటే, కెమెరాకి తెలుపు తెలియదు. ఎదురుగా ఏమున్నా సరే, దాన్ని నడిమి రకం బూడిద రంగుగా చూపించాలని దాని లెక్క. ఫ్రేము నిండా తెల్లటి ఉప్పు ఉంటే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. ఉప్పు బూడిదవుతుంది. మంచైనా అంతే, తెల్లటి ఆకాశమైనా అంతే. మందు తేలిక. కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తున్న బటన్ ఉంటుంది. దాన్ని ప్లస్ 1 దగ్గరో, ఒకటిన్నర దగ్గరో పెట్టండి. ఫోనైతే తెర మీద ఉప్పు దగ్గర వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని పైకి జరపండి. నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఆ లెక్క అక్కడే తాళం పడుతుంది, మళ్లీ మళ్లీ మారదు.

అలాగని తెల్లది కనబడ్డ ప్రతిచోటా ప్లస్ పెట్టేయకండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒంగోలు గిత్తని తీయండి, తెలుస్తుంది. నల్లరేగడి చేలో దూరంగా తెల్లటి గిత్త నిలబడి ఉంటే, ఫ్రేములో ఎక్కువ భాగం నలుపే. కెమెరా ఈసారి నల్లమట్టిని చూసి వెలుతురు పెంచుతుంది. గిత్త మూపురం సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంది, వెంట్రుకలు, ముడతలు ఏమీ మిగలవు. అప్పుడు మైనస్ 1 కావాలి. చూడాల్సింది వస్తువు రంగు కాదు, ఫ్రేములో ఏ రంగు ఎక్కువుందీ అని. ఉప్పు దగ్గర ఒక పొద్దు, గిత్త దగ్గర ఒక పొద్దు గడిపితే మీకిక ఏ దేశంలో మంచైనా భయం లేదు.

ఇంకొకటి. కయ్యల్లో దిగకండి, గట్లు తొక్కి విరగ్గొట్టకండి. అది వాళ్ల కూడు.

మైపాడులో

మైపాడు సముద్రపు ఒడ్డు నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. సూర్యోదయానికి నలభై నిమిషాల ముందు ఇసకలో ఉండాలి. సూర్యుడు వచ్చాక కంటే రాకముందే ఆకాశంలో రంగులెక్కువ. చాలామంది సూర్యుడు తేలగానే వస్తారు, అప్పటికి సగం సినిమా అయిపోయి ఉంటుంది.

మొదట పడవలతో మొదలుపెట్టండి. వెనక వెలుతురు ఉంటుంది కాబట్టి పడవలు నల్లటి నీడల్లా పడతాయి. నీడ బాగుండాలంటే ఒక పడవ ఇంకో పడవని తాకకూడదు. తాకితే రెండూ కలిసి ఒక నల్ల ముద్దవుతాయి. రెండడుగులు పక్కకి జరిగితే మధ్యలో ఆకాశం సందు దొరుకుతుంది. మోకుని పట్టుకున్న మనిషి చేతికీ ఒంటికీ మధ్య కూడా అలాంటి సందు ఉండేదాకా ఆగండి.

తర్వాత ట్రైపాడ్ తీయండి. అల వచ్చేటప్పుడు కాదు, వెనక్కి వెళ్లేటప్పుడు తీయాలి. ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా ఎంత చురుగ్గా ఉండాలో చెప్పే అంకె) 100, ఎఫ్ (లెన్సు కంత ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) 11, షట్టర్ (వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో) పావు సెకను నుంచి అర సెకను. వెనక్కి జారే నురగ గీతలు గీసినట్టు పడుతుంది. తడి ఇసక అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. ట్రైపాడ్ కాళ్లని ముందే ఇసకలోకి గట్టిగా గుచ్చి పెట్టండి, లేకపోతే ప్రతి అలకీ ఒక కాలు కుంగి, సముద్రం ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు వస్తుంది. ఇంటికొచ్చాక ట్రైపాడ్‌ని మంచినీళ్లతో కడగడం మర్చిపోవద్దు. ఒడ్డు మీద లెన్సు మార్చే పని పెట్టుకోవద్దు.

చంద్రుడి సంగతి చాలామందికి తెలియదు. మన ఒడ్డు తూర్పు ఒడ్డు కాబట్టి చంద్రుడు కూడా సముద్రంలోంచే లేస్తాడు. పౌర్ణమి రోజే వెళ్లాలనుకుంటారు. నేనైతే పంచాంగం చూసి ముందురోజు, చతుర్దశి సాయంత్రం వెళ్తాను. చంద్రోదయం రోజుకి సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంటుంది. చతుర్దశి నాడు సూర్యుడు పడమట ఉండగానే ఇటు చంద్రుడు లేచి ఉంటాడు. సముద్రానికీ పడవలకీ ఇంకా వెలుతురుంటుంది, చంద్రుడు తెల్లటి చుక్కలా మాడిపోడు. పౌర్ణమి నాడు చీకటి పడుతుండగా లేస్తాడు కాబట్టి చంద్రుడు సరిగ్గా పడితే సముద్రం పడదు, సముద్రం పడితే చంద్రుడు పడడు. చంద్రుడొక్కడే కావాలంటే ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, సెకనులో 125వ వంతు దగ్గర మొదలుపెట్టండి. కార్తీక పౌర్ణమికి మాత్రం చంద్రుణ్ణి వదిలేసి స్నానాలకి వచ్చే జనాన్ని తీయండి.

కొండలు కావాలంటే భైరవకోన ఉంది. కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. వానాకాలంలో మబ్బు పట్టిన రోజు వెళ్తే నీళ్లు దారపు పోగుల్లా వస్తాయి. ఎండలో వెళ్తే గుహ నల్లగా, బయట తెల్లగా రెండు ముక్కలవుతుంది. కంభం చెరువుకి సాయంత్రం వెళ్లండి, కొండలన్నీ నీళ్లలో పడతాయి. ఉదయగిరి దుర్గం ఎక్కేవాళ్లు నీళ్లు బాగా పట్టుకెళ్లండి, ఫొటోల సంగతి తర్వాత.

పక్షుల దగ్గర

నేలపట్టు, పులికాట్ 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. మేమింకా మా జిల్లా పక్షులనే అంటాం. నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు పెడతాయి. వానలు సరిగ్గా పడని ఏడు చెరువు నిండదు, పక్షులు కూడా పలచబడతాయి. కాబట్టి బయల్దేరే ముందు చెరువులో నీళ్లున్నాయో లేదో అక్కడివాళ్లని అడగండి.

ఇక్కడికి ఫోను చాలదు. 300 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే పని నడుస్తుంది. కూర్చున్న పక్షికి షట్టర్ సెకనులో 500వ వంతు, ఎగిరే పక్షికి 2000వ వంతు. ఐఎస్‌ఓని ఆటోలో పెట్టి 6400 దాటకుండా కట్టేయండి. ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలే పక్షి వెంటే మారుతుండేలా ఉండాలి. ఫొటోలో కాస్త గరుకు కనబడితే కనబడనీయండి. గరుకున్న ఫొటోని ఇంట్లో సర్దుకోవచ్చు, కదిలిన ఫొటోని బ్రహ్మదేవుడు కూడా సర్దలేడు.

సెట్టింగుల కంటే గాలి ముఖ్యం. పక్షి ఎగిరేది, వాలేది గాలికి ఎదురుగానే. మన దగ్గర నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. పొద్దున సూర్యుడూ తూర్పు పక్కనే. అంటే మీరు తూర్పుకి వీపు పెట్టి నిలబడగలిగితే, వాలే పక్షి ముఖం మీవైపు ఉంటుంది, వెలుతురు దాని ముఖం మీద ఉంటుంది. నేను రెండు చలికాలాలు గట్టు మీద తప్పు దిక్కున కూర్చుని పక్షుల తోకలు తీశాను. గట్టు ఏ వంపులో మీకిది కుదురుతుందో తిరిగి చూసుకోండి. ఒక చేత్తో కాస్త ఇసక వదిలితే గాలి ఎటుందో తెలిసిపోతుంది.

ఎగరడం కంటే గూటి దగ్గర ఓపిగ్గా కూర్చుంటే దొరికేదే నాకిష్టం. గూడబాతు పిల్ల ఆకలేసినప్పుడు తల్లి ముక్కు కింద వేలాడే సంచిలోకి తలంతా దూర్చేస్తుంది. మెడ దాకా లోపలే. తల్లి ముక్కు మీద వరసగా ఉండే చుక్కలు ఆ కుదుపుకి ఊగుతుంటాయి. పిల్ల తల బయటికి తీసేసరికి ఒళ్లంతా తడి. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. తల్లి వాలగానే బటన్ మీద వేలుండాలి. ఆ గూడుకి మీరు దూరంగానే ఉండండి, వాచ్ టవరో గట్టో దాటి ముందుకి పోవద్దు. తల్లి లేచిపోతే ఎండకి పిల్లలు మాడతాయి, కాకులూ గద్దలూ కాచుకుని ఉంటాయి. అరిచి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపి ఫొటోలు తీసేవాళ్లని చూశాను. వాళ్లతో ఒకే ఆటోలో కూడా రావాలనిపించదు. డ్రోను ఊసే వద్దు.

ఫ్లెమింగోలకి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పులికాట్ మధ్యలోంచి వెళ్లే రోడ్డు ఉంది. రోడ్డు ఇంచుమించు తూర్పు పడమరలుగా సాగుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి, ఉత్తరం పక్కనున్న నీళ్లలో పక్షులకి వెలుతురు బాగా పడుతుంది. తొమ్మిది లోపు పని ముగించండి. ఆ తర్వాత నీళ్ల మీద వేడి ఆవిరి ఆడుతూ ఎంత ఖరీదైన లెన్సయినా మసకగానే చూపిస్తుంది. శ్రీహరికోట చెక్‌పోస్టు దగ్గర మాత్రం కెమెరా సంచిలో ఉండాలి, అక్కడ సరదాలు పనికిరావు. కెన్యాలో బొగోరియా లాంటి సరస్సుల్లో ఫ్లెమింగోలు లక్షల్లో దిగుతాయంటారు. పద్ధతి మాత్రం ఇదే. వెలుతురు వీపు మీద, గాలి వీపు మీద, ఎండ ముదరకముందే ఇంటికి.

పులి కోసం దోర్నాల వైపు నల్లమలకి వెళ్తామంటారు కొందరు. వెళ్లండి, అడవి బాగుంటుంది. పులి ఫొటో వస్తుందని మాత్రం ఇంట్లో చెప్పి వెళ్లకండి. ఎగిరేదాన్ని పట్టుకోవడం సాధన చేయాలంటే రొయ్యల గుంటల మీద తిరిగే గద్దలు చాలు, ఏడాది పొడుగునా ఉంటాయి.

జనంలోకి

నగరం ఫొటోలంటే ఎత్తయిన మేడలనుకుంటారు. మేడలు ఎక్కడికీ పోవు, ఎవరైనా తీస్తారు. కష్టం జనంతోనే. దానికి నెల్లూరు ట్రంకు రోడ్డు, చిన్నబజారు చాలు. చిన్న లెన్సు పెట్టుకోండి, 35 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మనుషుల వెంట పడొద్దు. మంచి గోడో, సాయంత్రపు ఎండ పడే మలుపో చూసుకుని అక్కడే నిలబడండి. నడిచే మనుషులకి షట్టర్ 250వ వంతు. పది నిమిషాలు కదలకుండా నిలబడితే మొదట మిమ్మల్ని చూసినవాళ్లంతా మర్చిపోతారు. ఫొటోలు అప్పుడు మొదలవుతాయి.

పెద్ద పరీక్ష రొట్టెల పండగ. మొహర్రం నెలలో, బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఏ కోరికకి ఆ రొట్టె. విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లకీ ఒకటుంది. కెన్యా ఆశ ఉన్నవాళ్లు కెమెరా పక్కన పెట్టి ముందు అది పుచ్చుకోండి.

అక్కడ మొదటిసారి వెళ్లినవాళ్లు జనసముద్రాన్ని తీస్తారు. ఫొటో నిండా తలకాయలే ఉంటాయి, పండగ ఉండదు. నేను చెప్పేది, చేతులు తీయండి. మీరు కూడా మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, కెమెరా నడుము ఎత్తులో పెట్టుకుని, ఇద్దరు మనుషుల మధ్య రొట్టె చేయి మారే క్షణం కోసం చూడండి. ఇచ్చే చేయి, పుచ్చుకునే చేయి, మధ్యలో రొట్టె, కింద కదిలే నీళ్లు. రొట్టె ఇద్దరి చేతుల్లోనూ ఉండేది ఒక్క క్షణమే. ఆ తర్వాత తలెత్తి ముఖం చూడండి. కళ్లు మూసుకుని మొక్కుకుంటుంటే తీసేముందు ఆగండి. సంతానం రొట్టె పుచ్చుకునే ఆడపిల్ల ఏడుస్తుంటే నేను తీయను. మీరు తీస్తారో లేదో మీ ఇష్టం, కానీ ఆ తర్వాత అడగాలి: "అమ్మా, ఫొటో తీశాను, ఉంచుకోవచ్చా?" వద్దంటే ఎదురుగానే చెరిపేయండి. భాష రాని దేశంలో కూడా ఫొటో చూపించి కనుబొమలెత్తితే ఇదే ప్రశ్న అవుతుంది.

కెమెరా ఆరోగ్యం

ఏసీ గదిలోంచి నెల్లూరు ఎండలోకి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. పాతిక నిమిషాల వెలుతురులో పదిహేను దానికే పోతాయి. రాత్రి పడుకునేముందు కెమెరాని ఏసీ లేని గదిలో పెట్టండి, లేదా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో మూసి బయటికి తెచ్చి, అది వేడెక్కాక తీయండి. మంచు దేశంలో ఇదే తిరగబడుతుంది. బయట చలి, లోపల వేడి కాబట్టి, అక్కడ గదిలోకి వచ్చేటప్పుడు కవర్లో మూయాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, అదనపు బ్యాటరీ చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు.

మన తేమకి లెన్సులో బూజు పడుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసి అందులో పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని మా పిన్ని సలహా. లెన్సు సందుల్లో తవుడు చేరింది.

ఇంటికొచ్చాక

ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చేయండి, కార్డుని ఆ తర్వాతే ఖాళీ చేయండి. ఫొటోలు ఎంచడం మాత్రం ఆ రాత్రి చేయొద్దు, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. వారం ఆగి చూస్తే నాలుగు వందల్లో ఆరు మిగులుతాయి. ఆరు మిగిలాయంటే మంచి రోజే.

ఆ ఆరింట్లో మనుషులుంటే, ప్రింటు తీసి వాళ్లకి ఇచ్చి రండి. ట్రంకు రోడ్డులో తీయిస్తే పెద్ద ఖర్చేం కాదు. ఇస్కపల్లి పెద్దాయనకి నేను మూడు వారాల తర్వాత పట్టుకెళ్లాను, ప్లస్ ఒకటిన్నర పెట్టి తీసినది. తన ముఖం వైపు చూడనే లేదు. ఫొటోని ఎండకి అటూ ఇటూ తిప్పి, వెనకున్న కుప్ప మీద వేలు పెట్టి, "ఇప్పుడు తెల్లగా పడింది" అన్నాడు. తర్వాత దాన్ని గుడిసెలో క్యాలెండరు మేకుకే తగిలించి, మళ్లీ కయ్యలో దిగాడు.